ఫోటో తీస్తే నొప్పి పోతుందా?

నారాయణఖేడులో నాకు పింఛనుతోపాటు మరో ఉద్యోగం కూడా దొరికింది. జీతం లేదు, సెలవులూ లేవు. ఊళ్ళో ఎవరికి ఏ స్కానింగు తీసినా ఆ పెద్ద కవరు చంకలో పెట్టుకొని తిన్నగా మా అరుగు మీదికి వచ్చేస్తారు. ముప్ఫై ఏళ్ళు బళ్ళో సైన్సు పాఠాలు చెప్పినవాణ్ణి గనుక అందులో ఏమున్నదో నాకు తెలిసి తీరాలని వాళ్ళ నమ్మకం. నేను డాక్టర్ని కాదు మొర్రో అంటే వినరు. "ఇంగిలీషు చదవొస్తది గద సార్, జర చదివి చెప్పుండ్రి" అంటారు. చదివి పెడతాను. అర్థమైనంత మట్టుకు విప్పి చెబుతాను. "ఇక డాక్టరుగారి దగ్గరికి పోండి" అని సాగనంపుతాను.

మాది నాలుగైదు భాషలు కలిసే చోటు. 1956 దాకా ఈ తాలూకా బీదరు జిల్లాలో వుండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదకు జిల్లాకు వచ్చింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లా అయింది. సంతనాడు బజారులో నిలబడితే తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అన్నీ ఒక్కసారే చెవిన పడతాయి. ఏ భాషవారైనా సరే, ఆ కవరులో వున్నదాన్ని మాత్రం ఒకే మాటతో పిలుస్తారు: "ఫోటో".

చిక్కంతా ఆ మాటతోనే వచ్చింది. ఫోటో అంటే ఫోటోయే గదా, చిన్న ఫోటో కంటె పెద్ద ఫోటో మంచిది, రెండు వందల ఫోటో కంటె ఎనిమిది వేల ఫోటో ఇంకా మంచిది అనుకొంటారు. ఆ మధ్య ఒక ముసలాయన వచ్చి ఎంతో బాధగా చెప్పుకొన్నాడు. "రెండుసార్లు ఫోటో దీసిన్రు సార్. నొప్పి మాత్రం జరంత గూడ తగ్గలే."

నవ్వకండి. పట్నంలో చదువుకొన్నవాళ్ళు కూడా ఈ మాటే మరో విధంగా అంటూ వుంటారు. "ఎందుకైనా మంచిది, ఒకసారి ఫుల్ స్కాన్ చేయించుకో" అంటారు చూడండి, అదీ ఇదే. పత్తి బస్తాను కాటా మీద పెట్టినంత మాత్రాన దాని బరువు పెరగదు. యంత్రంలో పడుకొన్నంత మాత్రాన జబ్బు తగ్గదు. డాక్టరు మనసులో ఒక ప్రశ్న వుండాలి. ఆ ప్రశ్నకు సరిపడే యంత్రం కావాలి. ప్రశ్న లేకుండా తీసిన బొమ్మ, చిరునామా లేని ఉత్తరం లాంటిది. ఏ ఇంటికి పోవాలో దానికే తెలియదు.

అందరికీ తెలిసిన ఎక్స్‌రేతో మొదలుపెడదాం. 1895 నవంబరు 8న జర్మనీలో వుర్ట్స్‌బర్గు పట్నంలో రాంట్జెన్ అనే ఆచార్యుడు తన ప్రయోగశాలలో ఈ కిరణాలను గమనించాడు. అవేమిటో తెలియక 'ఎక్స్' అన్నాడు. డిసెంబరులో భార్య చెయ్యి బొమ్మ తీశాడు. వేళ్ళ ఎముకలు, వాటి మధ్య ఉంగరం కనిపించాయి. 1901లో భౌతిక శాస్త్రానికి మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే ఇచ్చారు. ఆ మహానుభావుడు దానిమీద పేటెంటు తీసుకోలేదు. తీసుకొని వుంటే మన ఊరి దాకా రావడానికి ఎన్నాళ్ళు పట్టేదో!

తోలుబొమ్మలాట చూసినవారికి ఎక్స్‌రే సగం తెలిసినట్టే. వెనక దీపం, మధ్య బొమ్మ, ముందు తెర. తోలు పలచగా వున్నచోట వెలుగు దాటి వస్తుంది, మందంగా వున్నచోట ఆగిపోతుంది. ఇక్కడ మన ఒళ్ళే తోలుబొమ్మ. ఎముకలో సున్నం వుంది గనుక కిరణాలు ఆగిపోయి అక్కడ తెల్లగా వుంటుంది. ఊపిరితిత్తులో గాలి వుంది గనుక కిరణాలు దాటిపోయి అక్కడ నల్లబడుతుంది. ఛాతీ బొమ్మలో రెండు పెద్ద నల్లమచ్చలు చూసి "గుండెలంత నల్లగ అయిపాయె" అని గొల్లుమన్న ఇల్లాలిని ఊరడించడానికి నాకు గంట పట్టింది. అక్కడ నలుపే ఆరోగ్యం. తెల్లటి మచ్చ కనిపిస్తేనే ఆలోచించాలి.

ఆ తెల్లమచ్చ సంగతే మా వీధిలో జరిగింది. కుట్టుమిషను పెట్టుకొని బతికే ఒక పెద్దమ్మకు నెలన్నర దగ్గు. కొడుకు మంచివాడు. తల్లిని హైదరాబాదు తీసుకుపోయి "పెద్ద స్కానింగు" చేయిస్తానని అప్పుకు తిరుగుతున్నాడు. ఇక్కడి డాక్టరు ఛాతీ ఎక్స్‌రే తీయించి, గళ్ళ పరీక్ష చేయించాడు. క్షయ అని తేలింది. ఆరు నెలలు సర్కారు మందు ఉచితంగా వాడింది. ఇప్పుడు మిషను చప్పుడు మా ఇంటికి వినబడుతూనే వుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు మొదటి మెట్టు గళ్ళ పరీక్ష, ఎక్స్‌రే. ఎక్స్‌రే ఒక్కటే చూసి క్షయ అని ముద్ర వేయడానికి వీల్లేదు. అనుమానం ఎక్కడ వున్నదో అది చూపిస్తుంది. నేరం రుజువు చేసేది గళ్ళ పరీక్ష. దేశంలో 2024 డిసెంబరు 7న మొదలైన నూరు రోజుల క్షయ కార్యక్రమంలో చేత్తో పట్టుకొని పోగల చిన్న ఎక్స్‌రే యంత్రాలను జనం దగ్గరికే తీసుకొనిపోయారు. నా లెక్కలో ఎనిమిది వేల ఫోటో కంటె అది గొప్ప సంగతి.

ఈ సాదా ఎక్స్‌రే మన తెలుగుదేశంలో చేసిన మేలు ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో, ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో, మనుషుల నడుములు కొయ్యబారిపోయేవి. మెడ తిరగదు, వంగితే లేవలేరు. షార్టు అనే డాక్టరు, ఆయన తోటివారు అక్కడి రోగులను పరీక్షించి 1937లో వివరాలు ప్రకటించారు. ఎక్స్‌రేలో వెన్నెముకలు ఉండవలసినదానికంటె చిక్కటి తెలుపులో కనిపించాయి. ఎముకను పట్టి వుంచే నరాల పట్టీలు సైతం సున్నంగా గట్టిపడి వున్నాయి. కారణం బావినీళ్ళలోని ఫ్లోరైడు. మన దేశంలో ఫ్లోరోసిస్ ఇలా బయటపడింది. తరువాత నల్లగొండ జిల్లా కథ అందరికీ తెలిసిందే. నీళ్ళమీద నేరం మోపడానికి ఎముకలు సాక్ష్యం చెప్పాయి. ఆ సాక్ష్యాన్ని మనకు చూపించింది ఎక్స్‌రే.

కాని దానికి ఒక లోపం వుంది. నీడ మీద నీడ పడుతుంది. పుర్రె వెనక మెదడు కనిపించదు, మోకాలి చిప్ప కింద గుజ్జు కనిపించదు. గర్భంలో బిడ్డకు ఈ కిరణాలు తగలడమూ మంచిది కాదు. అందుకే వేరే దారులు వెతికారు.

పాడుబడ్డ బావిలో నీళ్ళెంత లోతున వున్నాయో చూడాలంటే మా పిల్లతనంలో గులకరాయి వేసి చెవి ఒగ్గేవాళ్ళం. చప్పుడు ఎంత ఆలస్యంగా వస్తే నీళ్ళు అంత లోతు. అల్ట్రాసౌండు యంత్రం చేసేది దాదాపు ఇదే. మన చెవి సెకనుకు 20 వేల కంపనాల దాకా వింటుంది. ఈ యంత్రం చప్పుడు సెకనుకు 20 లక్షలనుంచి కోటిన్నర దాకా వుంటుంది. అది ఒంట్లోకి సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో పోయి, ఒక పొర మారినచోటల్లా తగిలి కొంత వెనక్కు వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో లెక్కకట్టి యంత్రం బొమ్మ గీస్తుంది. పొట్ట మీద ఆ చల్లటి జిగురు ఎందుకు రాస్తారని ఆడవాళ్ళు అడుగుతూ వుంటారు. యంత్రానికి, చర్మానికి మధ్య వెంట్రుకవాసి గాలి వున్నా చప్పుడు అక్కడే వెనక్కు తిరిగిపోతుంది. ఆ గాలిని తరిమేయడానికి జిగురు. చెంబుల కొద్దీ నీళ్ళు తాగించి కూర్చోబెట్టేదీ ఇందుకే. నిండిన మూత్రాశయం లోపలికి చూడటానికి కిటికీ లాంటిది. గాలి నిండిన ఊపిరితిత్తుల్లోపలి సంగతి, ఎముక వెనకాల సంగతి ఈ చప్పుడుకు పెద్దగా అందవు.

దీన్ని కడుపు పరీక్షకు తెచ్చినవాడు గ్లాస్గోలోని ఇయాన్ డోనాల్డ్. ఇనుప బాయిలర్లలో పగుళ్ళు వెతికే యంత్రాన్ని చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చింది. కడుపులో నయంకాని పుండు అని వదిలేసిన ఒక స్త్రీని పరీక్షించి, అది నీటితిత్తి అని చెప్పాడు. ఆపరేషను చేసి తీసేశారు. ఆమె బతికింది. 1958లో ఆయన, ఆయన తోటివారు లాన్సెట్ పత్రికలో ప్రకటించిన వ్యాసంతో ప్రపంచమంతా ఇటు తిరిగి చూసింది.

మన దేశంలో ఆ యంత్రానికి ఒక పాడుపని కూడా అంటగట్టారు. అందుకే స్కానింగు గది గోడమీద "ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు" అనే బోర్డు వుంటుంది. 1994లో చట్టం చేశారు, 2003లో ఇంకా బిగించారు. మొదటి తప్పుకే మూడేళ్ళ దాకా జైలు, పది వేల దాకా జుల్మానా. అయినా ఒక అవ్వ కోడలి కవరు నా ముందు పెట్టి గొంతు తగ్గించి అడిగింది. "మూడోది గూడ ఆడపిల్లనేనా, జర చూసి చెప్పు బిడ్డా." నాకు తెలియదు, తెలిసినా చెప్పను అన్నాను. ఆమె ముఖం ముడుచుకొన్నది. "అవ్వా, అడగవలసింది అది కాదు. పుర్రె సరిగా మూసుకొన్నదా, వెన్నుపూస కలిసిందా, గుండెలో నాలుగు గదులూ వున్నాయా, అది అడగమను" అన్నాను. అయిదో నెలలో, అంటే 18 నుంచి 22 వారాల మధ్య, టిఫా అనే పరీక్షలో చూసేది ఇవే. 2022 నవంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం 44 ఆసుపత్రుల్లో 56 టిఫా యంత్రాలు పెట్టింది. అవ్వ నాతో మళ్ళీ వారం రోజులు మాట్లాడలేదు. పిల్ల పుట్టినాక పేలాలు, బెల్లం పంపింది. పిల్లో పిల్లవాడో నేనూ అడగలేదు.

ఇక సీటీ సంగతి. దీని పుట్టుక విన్నప్పుడల్లా నాకు సరదాగా వుంటుంది. కుక్కబొమ్మ గ్రామఫోను ప్లేట్లు ఇంట్లో వున్న పాతకాలపు పాఠకులకు ఇ.ఎం.ఐ. కంపెనీ తెలుసు. ఆ కంపెనీలోనే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు పనిచేసేవాడు. డాక్టరూ కాదు, డాక్టరేటూ లేదు. ఒకే దిక్కునుంచి తీస్తే నీడల మీద నీడలు పడుతున్నాయి గదా, చుట్టూ తిరిగి అన్ని దిక్కులనుంచి తీసి లెక్కలు కడితే ఏ నీడ ఎవరిదో తేలదా అని ఆలోచించాడు. మన పంచాయతీలో పెద్దమనుషులు చేసేదీ ఇదే. దొంగ ఎటు పోయాడో ఒక్క సాక్షిని అడిగితే తేలదు. ఇంటిచుట్టూ వున్న అందరినీ అడిగి, ఒకరి మాట ఒకరితో పోల్చితే తేలుతుంది. హౌన్స్‌ఫీల్డ్ మొదట కసాయి దుకాణంనుంచి తెచ్చిన పశువుల మెదళ్ళ మీద ప్రయత్నించాడు. మొదటి బొమ్మకు 9 రోజులు పట్టింది. 1971 అక్టోబరు 1న లండనులో ఒక రోగి మెదడును తొలిసారిగా చూశారు. మెదడులో వున్న తిత్తి స్పష్టంగా కనిపించింది. వేరేచోట ముందే ఈ లెక్కలు కట్టిన కార్మాక్‌తో కలిపి ఆయనకు 1979లో నోబెల్ ఇచ్చారు. 9 రోజుల పని ఇప్పుడు కొన్ని సెకన్లలో అయిపోతుంది.

ఈ సెకన్ల విలువ నారాయణఖేడు లాంటి చోట వున్నవాళ్ళకు తెలియాలి. హైదరాబాదు మాకు నూరు కిలోమీటర్ల పైచిలుకు.

మా ఊళ్ళో కిరాణం కొట్టు నడిపే ఒకాయన పొద్దున్నే లేచి పళ్ళు తోముకొంటూ వుండగా నీళ్ళు మూతి పక్కనుంచి కారిపోయాయి. కుడిచెయ్యి లేవలేదు. మాట ముద్దగా వచ్చింది. ఇంటిల్లిపాదీ గాలి సోకిందన్నారు. ఒకరు పావురం నెత్తురు రాయమన్నారు. ఇంకొకరు పసరు మందు ఇచ్చే పెద్దమనిషి దగ్గరికి తీసుకుపోయారు. మధ్యాహ్నం దాటినాక కారు మాట్లాడుకొని బయలుదేరారు. పట్నం చేరి సీటీ తీసేసరికి పొద్దుగూకింది. డాక్టరు బొమ్మ చూసి "రక్తస్రావం లేదు, గడ్డకట్టిన పక్షవాతమే. కాని గడ్డను కరిగించే సూదికి వేళ మించిపోయింది" అన్నాడట.

ఆ మాటలో మర్మం ఇది. పక్షవాతం రెండు రకాలు. మెదడులో రక్తనాళం మూసుకుపోతే ఒకటి, చిట్లితే ఒకటి. పైకి రెండూ ఒకలాగే వుంటాయి. అదే మూతి వంకర, అదే చెయ్యి పడిపోవడం. వైద్యం మాత్రం ఒకదానికొకటి బద్ధవిరోధం. గడ్డను కరిగించే మందును నాళం చిట్లినవాడికి ఇస్తే ప్రాణమే పోవచ్చు. ఎంత పెద్ద డాక్టరైనా మంచం పక్కన నిలబడి ఏది ఏదో ఖచ్చితంగా చెప్పలేడు. సీటీ చెబుతుంది. కారిన నెత్తురు బొమ్మలో తెల్లగా మెరుస్తుంది. మూసుకుపోయినదైతే మొదటి గంటల్లో బొమ్మ చాలాసార్లు మామూలుగానే వుంటుంది. "ఏమీ కనిపించలేదట, డబ్బు దండగ" అని ఇంటివాళ్ళు నిట్టూరుస్తారు. నెత్తురు కనిపించకపోవడమే ఇక్కడ డాక్టరుకు కావలసిన జవాబు! ఆ సూది సామాన్యంగా లక్షణం మొదలైన నాలుగున్నర గంటల లోపల పడాలి. కొందరికి గొట్టం పంపి గడ్డను లాగే వైద్యం ఇంకా తరువాత కూడా చేస్తారు గాని, ఎంత ముందు పోతే అంత మెదడు మిగులుతుంది.

కనుక మూతి వంకరపోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా గడియారం చూడండి. ఎన్ని గంటలకు మొదలైందో చీటీ మీద రాసుకోండి. 108కి ఫోను చేసి, సీటీ వున్న ఆసుపత్రికే తీసుకుపొమ్మని అడగండి. మోటారుసైకిలు మీదనుంచి పడి తలకు దెబ్బ తగిలి వాంతులైనా, మగతగా వున్నా ఇదే మాట. కిరాణం కొట్టాయన ఇప్పుడు ఎడమచేత్తో చిల్లర లెక్కపెడుతున్నాడు. కొట్టుకు పోయినప్పుడల్లా నాకు ఆ ఉదయపు గంటలు గుర్తుకు వస్తాయి.

ఎం.ఆర్.ఐ. దగ్గరికి వచ్చేసరికి నాకు మా బడి డ్రిల్లు పీరియడు గుర్తు వస్తుంది. పిల్లలంతా మైదానంలో తలా ఒక దిక్కు చూస్తూ నిలబడి వుంటారు. మాస్టారు "అటెన్షన్" అనగానే అందరూ ఒకే దిక్కుకు తిరుగుతారు. ఒక ఈల వేస్తే వంగుతారు. ఈల ఆగగానే మళ్ళీ లేచి నిలబడతారు. కాని అందరూ ఒక్కసారి లేవరు. చురుకైనవాడు వెంటనే లేస్తాడు, బద్ధకిష్టి మెల్లగా లేస్తాడు. దూరంనుంచి చూసినా ఎవడు ఎలాంటివాడో తెలిసిపోతుంది. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరు. ఆ నీటిలోని హైడ్రోజను పరమాణు కేంద్రాలే ఆ పిల్లలు. యంత్రంలోని అయస్కాంతం వాటిని వరసలో నిలబెడుతుంది. రేడియో తరంగం ఈల. ఈల ఆగినాక కొవ్వులో వున్నవి త్వరగా లేస్తాయి, నీళ్ళలో వున్నవి ఆలస్యంగా లేస్తాయి. ఆ తేడానే బొమ్మ. ఎక్స్‌రే కిరణాలు ఇందులో ఏమాత్రం లేవు. మెదడు, వెన్నుపాము, కీళ్ళలోని మెత్తటి భాగాలు ఇందులో కనిపించినంత బాగా మరెందులోనూ కనిపించవు. అరగంటసేపు కదలకుండా పడుకోవాలి. లోపల డప్పులు, డోళ్ళు కలిసి మోగినట్టు చప్పుడు. భయపడేవాళ్ళు ముందే చెప్పుకోవడం మంచిది.

దీని విషయంలో లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్ అనే ఇద్దరికి 2003లో నోబెల్ వచ్చింది. 1977లో దాదాపు 5 గంటలు పట్టి మొదటిసారి మనిషి ఛాతీ బొమ్మ తీసిన డమాడియన్‌కు రాలేదు. ఆయన ఊరుకొన్నాడా? పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వేయించి పోట్లాడాడు. శాస్త్రజ్ఞులు కూడా మన పెళ్ళివారి లాంటివారే, తాంబూలం అందకపోతే అలిగిపోతారు.

సరే, నడుం నొప్పి సంగతి చెబుతాను. నా అరుగు మీదికి వచ్చే కవర్లలో చాలా భాగం ఇవే. ఒక రైతు రెండు బర్రెల్లో ఒకదాన్ని అమ్మి నడుముకు ఎం.ఆర్.ఐ. తీయించుకొన్నాడు. ఎవరూ రాయలేదు. పక్క చేను ఆయన తీయించుకొన్నాడని తానూ తీయించుకొన్నాడు. రిపోర్టులో "డిస్క్ బల్జ్" అని రెండుచోట్ల వుంది. అది విన్ననాటినుంచి మనిషి మంచం దిగడం లేదు. అంతకుముందు నొప్పితోనే నాగలి పట్టినవాడు! 2015లో అమెరికా వైద్య పత్రిక ఒకదానిలో ప్రకటించిన లెక్కలు చూడండి. నడుంనొప్పి ఏమాత్రం లేని 3110 మంది బొమ్మలను, 33 పరిశోధనలనుంచి పోగుచేసి చూశారు. 20 ఏళ్ళవారిలోనే నూటికి 30 మందికి డిస్క్ ఉబ్బు వుంది. 50 ఏళ్ళవారిలో 60 మందికి, 80 ఏళ్ళవారిలో 84 మందికి వుంది. తల నెరవడం ఎట్లాంటిదో చాలామందికి ఇదీ అట్లాంటిదే. ఆ బొమ్మ చూసి "నొప్పి దీనివల్లనే" అనడానికి వీల్లేదు. కాలు బలహీనపడితే, కూర్చునే భాగం మొద్దుబారితే, మూత్రం మీద అదుపు తప్పితే, నడుంనొప్పితో జ్వరం వస్తే, బరువు తగ్గిపోతూవుంటే అప్పుడు ఆలస్యం చెయ్యకుండా ఎం.ఆర్.ఐ. తీయాలి. అవి లేని మామూలు నొప్పి చాలావరకు కొద్ది వారాల్లో దానంతట అదే సర్దుకొంటుంది. నా మాట కాదు గాని డాక్టరు మాట విని ఆయన నడక మొదలుపెట్టాడు. అమ్మిన బర్రె మాత్రం తిరిగి రాలేదు.

ఎం.ఆర్.ఐ. అయస్కాంతం భూమి అయస్కాంత శక్తికి సుమారు 30 వేల రెట్లు వుంటుంది. ద్రవ హీలియంలో, సున్నాకు 269 డిగ్రీల కింద, చల్లగా వుంచుతారు. మన ఇంటి ఫ్యాను లాగా స్విచ్చి నొక్కితే ఆగేది కాదు. రోగి లేకపోయినా, రాత్రయినా అది లాగుతూనే వుంటుంది. 2018 జనవరిలో ముంబయి ఆసుపత్రి ఒకదానిలో రోగి బంధువు ఆక్సిజన్ సిలిండరుతో ఆ గదిలో అడుగుపెట్టాడు. సిలిండరుతో సహా అయస్కాంతం లాగేసుకొన్నది. ఆ యువకుడు చనిపోయాడు. కనుక వాకిట్లో ఆపి జేబులు వెతికే పిల్లవాడి మీద కోపగించుకోకండి. మా చుట్టుపక్కల తండాలనుంచి వచ్చే ఆడవాళ్ళకు ఇది మరీ ఇబ్బంది. వాళ్ళ కడియాలు, నాణేల హారాలు, అద్దాల రవికెలు అలంకారం మాత్రమే కావు, ఇంటి పరువు. హడావిడిగా "తీసెయ్, తీసెయ్" అంటే ఎవరికైనా మనసు కష్టపడుతుంది. ఇంటినుంచి బయలుదేరేముందే చెప్పి, కూతురి చేతికో కోడలి చేతికో మూటగట్టి ఇప్పించి, సాదా నూలుచీరతో తీసుకుపోతే ఏ గొడవా లేదు. వెండి, ఇత్తడి అయస్కాంతానికి అంటుకోకపోవచ్చు గాని, అందులో ఏమి కలిపారో కంసాలికే తెలియాలి. పైగా అవి వేడెక్కవచ్చు, బొమ్మనూ పాడుచేస్తాయి.

బొమ్మ తీయడం ఒక ఎత్తు, చదవడం మరో ఎత్తు. దాన్ని చదివే డాక్టరు రోగికి సామాన్యంగా కనిపించడు. చీకటి గదిలో కూర్చుంటాడు. తెలుగువారిలో ఈ విద్యకు పేరు తెచ్చినవారు కాకర్ల సుబ్బారావుగారు. 1925లో కృష్ణాజిల్లా పెదముత్తేవిలో పుట్టారు. ఎముకల బొమ్మలు చదవడంలో దిట్ట. అమెరికాలో చాలాకాలం పనిచేసి, 1980లలో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా వుండగా హైదరాబాదు వచ్చి నిమ్స్ ఆసుపత్రి డైరెక్టరుగా వున్నారు. 2000లో పద్మశ్రీ అందుకొన్నారు. 2021లో 96 ఏళ్ళ వయసులో పోయారు. ఆయన్ను సామాన్య జనం నిమ్స్ పెద్దగానే ఎరుగుదురు. అసలు వృత్తి నీడలు చదవడమని చాలామందికి తెలియదు.

రిపోర్టు చివర తరచుగా ఒక వాక్యం వుంటుంది. ఒక కుర్రవాడు పరుగెత్తుకొంటూ వచ్చి "మా నాయనకు క్లినికల్ కోరిలేషన్ వచ్చిందట సార్, బతుకుతడా?" అన్నాడు. అది జబ్బు కాదు నాయనా. "నేను బొమ్మ చూశాను, మనిషిని చూడలేదు. మనిషిని చూసిన డాక్టరు రెండూ కలిపి నిర్ణయించాలి" అని చీకటిగదిలోని డాక్టరు రాసే మనవి. ఇందుకే పాత ఫిల్ములు పారేయవద్దంటాను. ఊపిరితిత్తిలో చిన్న మచ్చ వుందనుకోండి. రెండేళ్ళ కిందటి బొమ్మలోనూ అది అంతే వుంటే భయం చాలావరకు తగ్గుతుంది. కొత్తగా వచ్చిందంటే కథ వేరు. పాత ఫిల్మును మడవకుండా, ఎండ తగలకుండా బీరువాలో పెట్టండి.

కిరణాల భయం గురించి ఇద్దరు ముగ్గురు రాశారు. ఛాతీ ఎక్స్‌రే మోతాదు సుమారు 0.1 మిల్లీసీవర్టు. ఏ ఆసుపత్రికీ పోకపోయినా నేలనుంచి, రాళ్ళనుంచి, ఆకాశంనుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 దాకా చేరుతుంది. తలకు తీసే సీటీ సుమారు 2, పొట్ట సీటీ సుమారు 8. అంటే ఛాతీ ఎక్స్‌రేకు జంకనక్కరలేదు. సీటీ మాత్రం ఊరికే తీయించుకొనేది కాదు, అవసరమైతే మానేదీ కాదు. యంత్రం ఆగగానే కిరణాలూ ఆగిపోతాయి, దీపం ఆర్పితే వెలుగు పోయినట్టే. ఒంట్లో నిలవ వుండవు. గర్భవతులు మాత్రం ముందే చెప్పాలి. సీటీకి సూదితో అయోడిన్ మందు ఎక్కించేటట్టయితే మూత్రపిండాల జబ్బు, పాత ఎలర్జీ వుంటే అవీ చెప్పాలి.

చోటు అయిపోవస్తున్నది. కాలికి రాడ్డు వేయించుకొన్న ఒక సోదరుడు తనకు ఎం.ఆర్.ఐ. తీయవచ్చునా అని అడిగారు. ఇప్పటి రాడ్లు సాధారణంగా టైటానియంవో, అయస్కాంతానికి లొంగని స్టీలువో అయివుంటాయి. చాలావరకు తీయవచ్చు. గుండెలో పేస్‌మేకరు, చెవిలో యంత్రం, కంట్లో ఎప్పుడైనా పడిన ఇనుప రజను, ఇవే అసలు ప్రమాదం. ఆపరేషను చేసిన ఆసుపత్రివారు ఇచ్చిన కార్డులో రాడ్డు వివరం రాసివుంటుంది. దాన్ని వెంట తీసుకొని వెళ్ళి, యంత్రం గదిలోకి పోకముందే చూపించండి.